ఇరవైకి పందొమ్మిది

ఆస్పత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, ఒక గదిలో ఇంకో గది ఉంది. లోపలి గదికి జానెడు మందం తలుపు, రెండు పొరల అద్దం కిటికీ, గోడలకి చిల్లుల రేకు. తలుపు వేస్తే లోకం ఆగిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లకి తమ గుటక తమకే వినిపించి భయం వేస్తుంది. ఆస్పత్రిలో అందరూ దాన్ని బీరువా అంటారు. బీరువా బయట బల్ల ముందు కూర్చుని, లోపలున్నవాళ్ల చెవుల్లోకి చిన్న చిన్న చప్పుళ్లు పంపి, ఎవరికి ఎంత వినిపిస్తుందో కాగితం మీద గీత గీసే మనిషిని చెవుల మేష్టారు అంటారు.

ఆయన ఎప్పుడూ బడిలో పాఠం చెప్పలేదు. కాని ఇరవై ఆరేళ్లుగా బీరువాలోకి వెళ్లే ప్రతి మనిషికీ ఒకే పాఠం చెబుతున్నారు.

"చప్పుడు వినిపిస్తే ఈ మీట నొక్కండి. వినిపించకపోతే నొక్కకండి. నన్ను చూడకండి. చూసి కాదు, విని నొక్కాలి."

పాఠం సులువే. పాటించేవాళ్లే తక్కువ. వినపడటం లేదని ఒప్పుకోవడానికి మనసొప్పని పెద్దవాళ్లు కిటికీలోంచి మేష్టారి భుజం వంక చూస్తుంటారు. భుజం కదిలిందంటే చప్పుడు వచ్చినట్టే. టక్కున నొక్కుతారు. మేష్టారు ఇది కనిపెట్టి లోపలి కుర్చీని గోడవైపు తిప్పించారు. అప్పుడు గోడ మీద ఆయన నీడ చూసి నొక్కడం మొదలైంది. బల్ల మీది దీపం మార్పించారు. ఒక రిటైరైన బస్సు కండక్టరు తన చేతి గడియారం అద్దంలో మేష్టారి చేతిని చూస్తూ పన్నెండుకి పన్నెండూ నొక్కాడు. ఆ రోజు నుంచి వాచీలు, కళ్లద్దాలు, ఉంగరాలు బయట పళ్లెంలో పెట్టి వెళ్లాలి.

"దీనికీ జైలుకీ తేడా ఏముందయ్యా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"జైల్లో చప్పుడుంటుందండీ" అన్నారు మేష్టారు.

వీళ్లెవరినీ ఆయన దొంగలనరు. "అబద్ధం కాదు సార్, వాళ్లకి నిజంగానే వినిపిస్తుంది. నా భుజం కదలగానే వాళ్ల చెవిలో చప్పుడు పుడుతుంది. అది ఆశ" అని డాక్టరుగారికి చెబుతారు. కాని కాగితం అడుగున ఉన్న గడిలో మాత్రం మొహమాటం లేకుండా రాస్తారు: శబ్దం లేనప్పుడు కూడా నొక్కుతున్నారు. మళ్లీ పరీక్షించాలి.

ఇంట్లో ఆయన వేరే మనిషి.

ఇల్లు మూడు గదులు. వీధి గదికి తూర్పువైపు పెద్ద కిటికీ. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ గదిలో సూది పడితే కనిపించేంత వెలుతురు. ఆ వెలుతురులో మనుషులెవరూ ఉండరు. నిలువెత్తు స్పీకర్లు రెండు ఉంటాయి. వాటి మధ్య ఒక ప్లేయరు, వాటికెదురుగా ఒకే ఒక కుర్చీ. కుర్చీ నాలుగు కాళ్లకీ నేల మీద సుద్దగీతలు. ఊడ్చేటప్పుడు కుర్చీ అంగుళం జరిగితే పాట కూడా అంగుళం జరుగుతుందట. మేష్టారు పాట వింటున్నంతసేపూ ఇంట్లో ఫ్యాన్లు తిరగకూడదు. ఫ్రిజ్ ఆపేయాలి.

"పాలు విరిగితే విరిగాయి, అల్లుడుగారి పాట విరగకూడదు" అంటారు అత్తగారు.

అత్తగారు ఆరేళ్లుగా వాళ్ల దగ్గరే ఉంటున్నారు. ఆవిడకి చెవుడు. పరీక్ష చేసిందీ, చెవికి మిషను పెట్టిందీ అల్లుడే. మిషను పెట్టినా నీళ్ల కింద మాట్లాడుతున్నట్టే ఉందంటారు ఆవిడ. కాని ఎదుటి ఇంటివాళ్లు ఎందుకు పోట్లాడుకున్నారో ఈ ఇంట్లో ముందు తెలిసేది ఆవిడకే.

మేష్టారి భార్య బట్టలు కుడుతుంది. స్కూలు యూనిఫారాలు, చొక్కాలు, కర్టెన్లు. ఆవిడ కుట్టు మిషను వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవలో ఉంటుంది. మొదట్లో వీధి గదిలో కిటికీ పక్కనే ఉండేది. మిషను మోటారు కరెంటుని కుదుపుతోందనీ, ఆ కుదుపుకి పాటలో సమయం చెడుతోందనీ మేష్టారు కనిపెట్టాక నడవలోకి వచ్చింది. "నాలుగు రోజులే" అన్నారప్పుడు. పదకొండేళ్లయింది. నడవలో కిటికీ లేదు. తలమీద ఒక ట్యూబులైటు, అది కూడా రోజూ వెలగాలా వద్దా అని ఆలోచించుకుని వెలుగుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చేతులు చాపి నిలబడితే అత్తగారు ఆ చేతుల కింద నుంచి వంగి స్నానాలగదికి వెళ్లాలి.

"అసలేమిటండీ ఆ సమయం చెడటం?" అని భార్య ఒకసారి సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. ఎవరైనా అడగడమే మహాభాగ్యంగా మేష్టారు పీట లాక్కుని కూర్చున్నారు.

"డిస్కులో పాట పాటలాగ ఉండదు. ముక్కలు చేసి పెడతారు. సెకనుకి నలభై నాలుగు వేల ముక్కలు. ప్లేయరు లోపల ఒక గడియారం ఉంటుంది. అది టిక్కుమన్నప్పుడల్లా ఒక ముక్క బయటికి వదలాలి. ఆ టిక్కు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడిందనుకో, పాట కొద్దిగా మసకబారుతుంది."

"ఎంత వెనక పడుతుంది?"

"సెకనుని నూరు కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి. ఒక్కోసారి రెండు."

ఆవిడ దారం వదిలేసి ఆయన వంక చూసింది.

"నేను అన్నానికి పిలిస్తే మూడోసారికి గాని మీకు వినిపించదు."

"అది వేరు."

"అంత చిన్న తేడా మనిషి చెవికి అందదని పుస్తకాల్లో ఉందని మీరే చెప్పారు."

"రాసినవాడి చెవికి అందలేదు. అదే రాసుకున్నాడు."

ఆవిడ మళ్లీ దారం అందుకుంది. "కుట్టు ఒకటి తప్పితే నాకు తెలుస్తుంది. దారంలో పోగు పక్కకి జరిగితే కుట్టినదానికే తెలియదు, ఇంక తొడుక్కున్నవాడికేం తెలుస్తుంది?" అంది. మేష్టారు పీట మీంచి లేచి, పాట పెట్టుకోవడానికి వెళ్లి ఫ్రిజ్ ఆపారు.

ఆ తర్వాత గడియారప్పెట్టె వచ్చింది. పాటల సామాన్ల కొట్టాయన పదిహేను రోజులు వాడి చూడమని ఇచ్చాడు. "అందరి చెవికీ దొరకదు సార్, మీలాంటివాళ్ల కోసమే చేశారు" అన్నాడు. చెప్పుల డబ్బా అంత ఉంది. ముందు ఒక ఆకుపచ్చ దీపం, పక్కన ఒక స్విచ్చి. స్విచ్చి పైకి ఉంటే ప్లేయరు ఈ పెట్టె చెప్పిన సమయానికి నడుస్తుంది. కిందికి ఉంటే తన సొంత గడియారంతో నడుస్తుంది. పెట్టె అసలు పనిచేయకపోయినా పాట ఆగదు. ప్లేయరు చడీచప్పుడు లేకుండా సొంత గడియారానికి వెళ్లిపోతుంది.

"టైమెంతయింది అందులో?" అని అత్తగారు కళ్లు చికిలించి చూశారు.

"అది టైము చూపించదండీ."

"గడియారమన్నారుగా!"

"టైము తన దగ్గర ఉంచుకుంటుంది. ప్లేయరుకి మాత్రం చెబుతుంది."

"ఫ్రిజ్ మళ్లీ ఎప్పుడు పెట్టాలో కూడా చెబుతుందేమో కనుక్కోండి బాబూ."

మేష్టారు పట్టించుకోలేదు. స్విచ్చి పైకి నెట్టగానే పాట వెంట్రుకవాసి దగ్గరికి వచ్చింది. కిందికి దించితే వెంట్రుకవాసి వెనక్కి పోయింది. భార్యని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి పైకీ కిందికీ పదిసార్లు వేసి చూపించారు.

"తెలిసిందా?"

"స్విచ్చి వదులుగా ఉందని తెలిసింది" అంది ఆవిడ.

ఆ వారమే లా కాలేజీ వాళ్లు నలభై నల్ల కోట్లకి గుడ్డ తెచ్చి ఇచ్చారు. నల్ల గుడ్డ, నల్ల దారం, నడవలో ట్యూబులైటు. మొదటి కోటు కాలరు కుట్టి చూసుకుంటే కుట్టు కాలరు మీద లేదు, పక్కనెక్కడో ఉంది. రెండోది కుడుతుంటే సూది వేలిలో దిగింది. వేలికి గుడ్డ చుట్టుకుని ఆవిడ వీధి గది గుమ్మంలో నిలబడింది.

"నాకు ఈ కిటికీ కావాలి."

"నడవలో లైటు మార్పిస్తాను."

"పదకొండేళ్లుగా మార్పిస్తున్నారు."

"మిషను ఇక్కడ పెడితే ఇంక ఈ పెట్టె ఎందుకు, ఈ ప్లేయరు ఎందుకు? అంతా మసకే."

"నాకు ఉన్నది మసకే కదండీ" అంది ఆవిడ. కోపంగా అనలేదు. ఆయన కూర్చున్న కుర్చీ వంక, కిటికీలోంచి దాని మీద పడుతున్న ఎండ వంక చూసింది. "సరే, ఒక మాట. ఆ నూరు కోట్లో వంతు మీకు నిజంగా వినిపిస్తుందని చూపించండి. నేను నడవలోనే ఉంటాను, మళ్లీ జన్మలో అడగను. వినిపించలేదా, ఈ గది నాది."

"ఎలా చూపిస్తారు అలాంటివి?"

"ఊరందరికీ పరీక్ష పెట్టేది మీరేగా. వెళ్లి బీరువాలో కూర్చోండి."

అత్తగారికి ఈ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. "నేనూ వస్తా" అన్నారు.

ఆదివారం ఆ అంతస్తులో ఎవరూ ఉండరు. తాళంచెవి మేష్టారి దగ్గరే ఉంటుంది. పరీక్ష పద్ధతి ఆయనే రాశారు, ఆయన పరీక్ష కదా. ఇరవైసార్లు ఒకే పాట, మొదటి అర నిమిషం. ప్రతిసారీ భార్య ఒక బొత్తాం ఎగరేస్తుంది, కోటుకి కుట్టే పెద్ద బొత్తాం. ముఖం పైకి పడితే స్విచ్చి పైకి, వీపు పైకి పడితే కిందికి. పాట విని, పెట్టె గడియారం నడుస్తోందనిపిస్తే మేష్టారు లోపల మీట నొక్కుతారు, బల్ల మీద దీపం వెలుగుతుంది. లేదనిపిస్తే నొక్కరు. ఇరవైకి పదిహేను వస్తే గెలిచినట్టు.

"పది చాలదా?" అంది భార్య.

"పది కళ్లు మూసుకుని నొక్కినా వస్తాయి. పదిహేను అంటే చెవి ఉండాలి" అన్నారు మేష్టారు.

తన రోగులు చేసే మోసాలన్నీ ఆయనకి తెలుసు. అందుకే ఒక్కటీ వదల్లేదు. కుర్చీ గోడవైపు తిప్పారు. వాచీ, కళ్లద్దాలు, ఉంగరం పళ్లెంలో పెట్టారు. ఆకుపచ్చ దీపం వెలుగు ఎక్కడైనా పడుతుందేమోనని పెట్టె ముఖాన్ని గోడకి తిప్పి పెట్టారు. ఒక్క విషయంలో మాత్రం ఆస్పత్రి పద్ధతి పక్కన పెట్టారు. బీరువా గోడలో హెడ్‌ఫోను తగిలించే సాకెట్లు ఉన్నాయి. "ఇరవై ఏళ్ల తుప్పు. నా సమయమంతా అక్కడే చెడిపోతుంది" అన్నారు. గోడలో ఎప్పుడో వదిలేసిన ఒక రంధ్రం ఉంటే దాని రబ్బరు బిరడా పీకి, తన హెడ్‌ఫోను తీగని నేరుగా ప్లేయరు నుంచి ఆ రంధ్రంలోంచి లోపలికి లాక్కున్నారు. తీగ చుట్టూ కాస్త దూది కుక్కారు. బల్ల మీద ఎడమవైపు ప్లేయరు, కుడివైపు గోడ పక్కన పెట్టె, మధ్యలోంచి తీగ.

"స్విచ్చి వదులుగా ఉంది. పైకి వేసినప్పుడు పాట అయ్యేదాకా వేలు తియ్యకు" అని భార్యకి చెప్పారు.

"ఉక్కగా ఉంది. ఫ్యాను ఏదీ లేదా?" అన్నారు అత్తగారు, రోగుల బెంచీ మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ.

"పరీక్ష అయ్యేదాకా ఫ్యాను పెట్టకూడదండీ" అని మేష్టారు బీరువాలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

లోపల ఆయన ఇన్నేళ్లలో గట్టిగా నాలుగుసార్లు కూర్చుని ఉంటారు. తన గుటక తనకి వినిపించింది. మీట చేతిలోకి తీసుకున్నారు. అది చెమటకి జారుతోంది. ఇన్ని వేల మంది చేతులు దీన్ని ఎలా పట్టుకున్నాయో అనుకున్నారు.

పాట మొదలైంది. ఒక ఆడగొంతు, వెనక ఒక ఫిడేలు. మొదటిసారి ఏమీ తెలియలేదు, పాట ఎక్కడుండాలో అక్కడే ఉంది. నొక్కలేదు. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఇంకా గొంతు మొదలవక ముందే పాట దగ్గరికి జరిగింది. ఎడమ చెవి పక్కన, వెంట్రుకవాసి. నొక్కారు. నాలుగు, నొక్కారు. ఐదు, లేదు. ఆరోసారికి భయం పోయింది. ఎనిమిదోసారికి ఆయన వినడం మానేసి నవ్వుకుంటున్నారు. ఇంత స్పష్టంగా ఇంట్లో కూడా ఎప్పుడూ వినిపించలేదు. ఇంట్లో వంద అనుమానాలు. ఇక్కడ అనుమానం లేదు. ఎవరో చెవి పట్టుకుని ఇదిగో, ఇప్పుడు, అని చెబుతున్నట్టుంది.

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి భార్య కాగితం మీద పెన్సిలుతో టిక్కులు లెక్కపెడుతోంది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్లీ కింద నుంచి పైకి లెక్కపెట్టింది.

"పందొమ్మిది" అంది.

"ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?"

"పద్నాలుగోది. అప్పుడు నాకు చెమట పట్టి ముఖం తుడుచుకున్నాను, ఎడమ చేత్తో పట్టుకున్నా స్విచ్చి."

"చూశావా! స్విచ్చి కదిలి ఉంటుంది. నిజానికి ఇరవైకి ఇరవై." మేష్టారు అప్పుడు చూశారు, అత్తగారి మీద టేబులు ఫ్యాను తిరుగుతోంది. మామూలుగా అయితే ఆయనకి కోపం రావాలి. "ఫ్యాను తిరుగుతుండగా పందొమ్మిది!" అన్నారు, లేని జనానికి వినపడేలా.

భార్య బొత్తాం తీసి సంచిలో వేసుకుంది. పెన్సిలు వేసుకుంది. సంచిలోంచి మడత పెట్టిన ఒక గళ్ల కాగితం తీసి, చూసి, చించకుండా బుట్టలో వేసింది.

"మాటంటే మాటే. నడవలోకి ఇంకో బల్బు తెచ్చుకుంటాను" అంది. "ఆటో పిలుస్తాను, మీరు సర్దుకుని రండి."

ఆవిడ మెట్లు దిగింది. మేష్టారు సామాన్లు సర్దడానికి వంగారు. ముందు పెట్టె ప్లగ్గు తీయాలి. గోడ దగ్గర చూస్తే సాకెట్లో ఉన్నది ఫ్యాను ప్లగ్గు. పెట్టె ప్లగ్గు నేల మీద పడి ఉంది.

ఆయన పెట్టెని తన వైపు తిప్పారు. ఆకుపచ్చ దీపం లేదు.

"అత్తయ్యగారూ," అని ఆవిడ చెవి దగ్గరికి వెళ్లి అడిగారు, "ఈ ప్లగ్గు ఎప్పుడు తీశారు?"

"మీరు తలుపేసుకోగానే. ఉక్క చచ్చిపోతున్నా. ఎందుకు, తియ్యకూడదా? పాట ఆగలేదుగా."

పాట ఆగలేదు. పాట ఆగదు. మేష్టారు బెంచీ మీద, ఆవిడ పక్కన, రోగులు కూర్చునే చోట కూర్చున్నారు. ఇరవైసార్లూ ప్లేయరు సొంత గడియారమే నడిచింది. ఆయన ఒకే పాటని అదే పాటతో పోల్చి ఇరవైకి పందొమ్మిది తెచ్చుకున్నారు.

"మరి నాకెలా తెలిసింది?" అన్నారు, తనలో తాను.

చెవిలో మిషను ఉన్నా లేకపోయినా, మనిషి ముఖం చూసి ప్రశ్న పట్టుకోవడం అత్తగారికి అలవాటే.

"తీగ లాగింది కదా అమ్మాయి" అన్నారు.

"ఏ తీగ?"

"మీ చెవి తీగ. అమ్మాయి అటు చెయ్యి చాపి ఆ పెట్టె పట్టుకున్నప్పుడల్లా మోచెయ్యి తీగ మీద ఆనింది. తీగ బిగిసింది, లోపల మీ తల ఇంత పక్కకి పోయింది, దీపం వెలిగింది. నాకు బాగుంది చూడటానికి. అదే ఆట అనుకున్నా."

మేష్టారు తీగ వంక చూశారు. సాకెట్లో తగిలించి ఉంటే గోడ దగ్గరే ఆగేది. తుప్పు ఉందని రంధ్రంలోంచి లాక్కున్నది తనే. దూది వదులుగా కుక్కింది తనే. స్విచ్చి మీద వేలు తియ్యొద్దన్నదీ తనే. కింద ఆటో హారను వినిపించింది. లేచి, సర్దడం మొదలుపెట్టి, ఎందుకో బుట్టలోంచి ఆ గళ్ల కాగితం తీశారు. భార్య గీసిన వీధి గది. కిటికీ నుంచి రెండడుగుల దూరంలో ఒక చదరం, దానిలో 'మిషను'. పక్కన ఇంకో చదరం, 'కత్తిరించే బల్ల'. మూలకి, చాలా జాగ్రత్తగా కొలిచి, 'ఆయన కుర్చీ'.

"అత్తయ్యగారూ, ఈ తీగ సంగతి..." అన్నారు.

"నాకేం వినపడలేదు బాబూ" అన్నారు అత్తగారు, ఫ్యాను ఆపుతూ.

ఆ రోజు ఆయన ఏమీ చెప్పలేదు. సాయంత్రం పాట కూడా పెట్టలేదు. ఫ్రిజ్ రోజంతా ఆగకుండా నడిచింది. భార్య దాన్ని గెలిచినవాడి పెద్దమనసు అనుకుంది. అది ఆయనకి ఇంకా కష్టంగా ఉంది.

సోమవారం మొదటి చీటీ ఆ బస్సు కండక్టరుదే. మళ్లీ పరీక్షకి వచ్చాడు. వాచీ తనంతట తనే తీసి పళ్లెంలో పెట్టి, "ఈసారి మోసం లేదు సార్" అని బీరువాలోకి వెళ్లాడు. గోడవైపు తిరిగి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. మేష్టారు చప్పుళ్లు పంపారు. కొన్నింటికి నొక్కాడు. తర్వాత మేష్టారు ఏమీ పంపకుండా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నిశ్శబ్దంలో దీపం వెలిగింది. కాసేపాగి మళ్లీ వెలిగింది.

కండక్టరు నవ్వుతూ బయటికి వచ్చాడు. "ఎన్నొచ్చాయి సార్?"

"చివర్లో రెండుసార్లు నొక్కారు. నిజంగా వినిపించిందా?"

"వినిపించింది సార్. మీ మీద ఒట్టు. సన్నగా, దూరంగా."

"నాకూ అంతే" అన్నారు మేష్టారు.

కండక్టరుకి అర్థం కాలేదు. వాచీ పెట్టుకుని, కాగితం తీసుకుని వెళ్లాడు. మేష్టారు సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. పేరు దగ్గర తన పేరు రాశారు. వయసు రాశారు. వృత్తి దగ్గర ఒక నిమిషం ఆగి, అదీ రాశారు.

ఇంటికి వచ్చేసరికి భార్య నడవలో కోటుని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని కుట్టు వెతుక్కుంటోంది. కాగితం చేతికి ఇచ్చారు. ఆవిడ దాన్ని కూడా లైటుకి ఎత్తి పట్టుకుని పైకి చదివింది.

"శబ్దం లేనప్పుడు కూడా నొక్కుతున్నారు. మళ్లీ పరీక్షించాలి... ఎవరిదండీ ఇది? అయ్యో, మీదే!"

ఆయన చెప్పారు. ప్లగ్గు, తీగ, మోచెయ్యి. చెబుతున్నంతసేపూ మిషను చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ తిప్పుతూ చెప్పారు.

"ఇదంతా ఎవరు కనిపెట్టారు?"

"మీ అమ్మగారు."

"అమ్మకి చెవుడు కదా!"

"అందుకే చూస్తూ కూర్చున్నారు."

ఆవిడ పెదవి బిగబట్టింది. అయినా ఆగలేదు, నవ్వు వచ్చేసింది. మిషను మీద తల పెట్టుకుని నవ్వింది. వంటింట్లోంచి అత్తగారు, "ఏమిటే, నాకూ చెప్పండి" అని కేకేశారు.

"అబద్ధం ఆడలేదు నేను" అన్నారు మేష్టారు. "నిజంగానే వినిపించింది."

"నాకు తెలుసు లెండి. మీరే అంటారుగా, అది ఆశ అని."

"పైగా ఒక మాట. ఆ పెట్టె నడవనే లేదు కదా. నడిచి ఉంటే వినిపించేదో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు."

"మళ్లీ పరీక్షించాలని మీరే రాశారు. పరీక్షిద్దాం. నలభై కోట్లూ అయ్యాక."

మేష్టారు మిషను ఒక వైపు పట్టుకున్నారు. రెండో వైపు ఆవిడ పట్టుకుంది. నడవ మలుపులో అది ఇరుక్కుంది. అత్తగారు వచ్చి "అటు కాదు, ఇటు తిప్పండి" అని రెండుసార్లు తప్పుగా చెప్పారు. వీధి గదిలో కిటికీ నుంచి రెండడుగుల దూరంలో దించారు. మేష్టారు జేబులోంచి గళ్ల కాగితం తీసి చూసుకుని, ఇంకో నాలుగంగుళాలు జరిపారు. బుట్టలో వేసిన కాగితం ఆయన జేబులోకి ఎలా వచ్చిందని ఆవిడ అడగలేదు. కుర్చీ కోసం మూలన వదిలిన చోట గుడ్డల మూట పెట్టేసింది. అది మాత్రం కాగితంలో లేదు.

కుర్చీ, దానితో ప్లేయరూ నడవలోకి వెళ్లాయి. నాలుగు రోజులే, అంది ఆవిడ.

మర్నాటి పొద్దున మేష్టారు ఆస్పత్రికి బయల్దేరేముందు కాసేపు నడవలో హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నారు. వెనక ఫ్రిజ్ గురగురలాడుతోంది. అత్తగారు "కాళ్లు తియ్యండి బాబూ" అంటూ స్నానాలగదికి వెళ్లారు. గోడ అవతల మిషను మొదలైంది. ఆయన పాట పెట్టబోయి ఆగారు. హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకున్నారు. మిషను ఒక్క తీరున పోతోంది. పోతోంది, పోతోంది, ఉన్నట్టుండి ఒకచోట చిన్నగా టిక్కుమంది. మళ్లీ తీరులో పడింది. కాసేపటికి మళ్లీ.

"ఇదిగో," అని కేకేశారు, "సూది ఎక్కడో తగులుతోంది. ఇందాక ఒకసారి, ఇప్పుడొకసారి. కుట్టు తప్పింది చూడు."

మిషను ఆగింది. అవతల ఆవిడ నల్ల కోటుని కిటికీ వెలుతురులోకి తిప్పి, నల్ల గుడ్డ మీద నల్ల దారాన్ని వేలితో తడుముతూ వస్తోంది. ఒకచోట వేలు ఆగింది. జానెడు కింద ఇంకోచోట ఆగింది. సూది తీసి వెలుతురులో చూసింది. మొన కొద్దిగా వంగి ఉంది.

"ఏమండీ," అంది గోడ అవతల నుంచి, "చూసి చెప్పారా, విని చెప్పారా?"

"మధ్యలో గోడ ఉంది" అన్నారు మేష్టారు.

ఆవిడ సుద్దముక్క తీసుకుని రెండు చోట్లా చిన్న తెల్ల గీత గీసింది. సూది మార్చింది.